యూనివర్సిటీకి వచ్చాక నా లక్ష్యమే మసకబారుతోంది. ఇది ఎదుగుదలా, జావగారిపోవడమా?

రెండో_ఏడాది_ఫిజిక్స్
ఎనిమిదో తరగతి నుంచి నాకు ఒకటే పట్టుదల, ఖగోళ శాస్త్రవేత్తనవ్వాలని. స్కూల్లో ఎప్పుడూ నేనే ఫస్ట్ కాబట్టి ఎవరూ కాదనలేదు. ఇప్పుడు యూనివర్సిటీలో ఫిజిక్స్ రెండో ఏడాది. ఇక్కడ నా ర్యాంకు సరిగ్గా మధ్యలో. ప్రొఫెసర్ బోర్డు మీద సమీకరణం సగం రాసేసరికి నా పక్కన కూర్చునే అమ్మాయి మిగతా సగం నోటుబుక్కులో పూర్తి చేసి పెన్ను కింద పెట్టేస్తుంది. అప్పటికి నేనింకా ఎడమవైపున్న గుర్తులేమిటో పోల్చుకుంటూ ఉంటాను.

దీనికి తోడు ఎలెక్టివ్ కింద తీసుకున్న స్టాటిస్టిక్స్ విపరీతంగా నచ్చేస్తోంది. రాత్రిళ్లు మెకానిక్స్ అసైన్‌మెంటు పక్కన పడేసి ఆ లెక్కలు చేస్తున్నాను. సంతోషపడాలో భయపడాలో తెలియడం లేదు. ఇంట్లోవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా "టెలిస్కోపు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తారు?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తోచక మాట మార్చేస్తున్నాను.

యూనివర్సిటీకి వెళ్తే ఆశయాలు పెద్దవవుతాయని అందరూ అంటారు. నాది మాత్రం తరిగిపోతున్నట్టుంది. చదువుతున్నవాళ్లు, చదువు అయిపోయినవాళ్లు చెప్పండి. మీ లక్ష్యాలు అక్కడ పెరిగాయా, తగ్గాయా, మొత్తంగా మారిపోయాయా? తగ్గితే దాన్ని కూడా ఎదుగుదల అనొచ్చా?

నీలిసిరా
రెండో ఏడాదిలో ఈ ప్రశ్న రానివాళ్లు నాకు తెలిసి లేరు. మూడో ఏడాదికి ప్రశ్న అలాగే ఉంటుంది, టెన్షన్ మాత్రం తగ్గుతుంది.

తర్కం
నీలిసిరా గారూ, అంత తేలిగ్గా తీసేయకండి. ఆమె చెప్పినదాంట్లో రెండు విషయాలు కలిసిపోయాయి. ర్యాంకు పడిపోవడం ఒకటి, ఇష్టం మారడం ఇంకొకటి. ముందు ర్యాంకు సంగతి చూద్దాం.

1966లో జేమ్స్ డేవిస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త కాలేజీ కుర్రాళ్ల ఉద్యోగ లక్ష్యాల మీద ఒక వ్యాసం రాశాడు. పై చదువులు కావాల్సిన పెద్ద ఉద్యోగాలు కోరుకోవాలా వద్దా అన్నది వాళ్లు ఎలా తేల్చుకుంటున్నారని చూశాడు. కాలేజీ ఎంత గొప్పదన్న దానికంటే, ఆ కాలేజీలో తమకు ఎలాంటి మార్కులు వస్తున్నాయన్న దానికే వాళ్లు ఎక్కువ విలువిస్తున్నారని తేలింది. అంటే గట్టి పోటీ ఉన్నచోట మధ్యలో ఉన్న విద్యార్థి, పోటీ లేనిచోట ముందున్న విద్యార్థి కంటే చురుకైనవాడైనా సరే, "ఇది నావల్ల కాదు" అనుకునే ప్రమాదం ఉంది. తర్వాత 1980ల్లో హెర్బర్ట్ మార్ష్ స్కూలు పిల్లల్లోనూ ఇలాంటిదే చూపించాడు. ఇద్దరి సామర్థ్యమూ ఒకటే అయినా, మెరికల్లాంటి వాళ్ల మధ్య చదివేవాడికి తన మీద తనకు నమ్మకం తక్కువ.

కాబట్టి ముందు ఒకటి తేల్చుకోండి. మీకు చేదయింది ఫిజిక్సా, మధ్యలో ఉండటమా?

గాలిపటం
అయితే అందరికీ ఆత్మవిశ్వాసం రావాలంటే తలా ఒక యూనివర్సిటీ కట్టించాలన్నమాట :)

ల్యాబ్_కోటు
తర్కం గారు చెప్పింది నిజమే గానీ అది సగమే. పోలిక వల్ల నమ్మకం తగ్గుతుంది, ఒప్పుకుంటాను. అదే పోలిక వల్ల మన ప్రమాణం పెరుగుతుంది కూడా.

స్కూల్లో నాకు బాగా చేయడమంటే తొంభై మార్కులు. యూనివర్సిటీలో మా సీనియర్ ఒకావిడ తన ప్రయోగం ఫలితాన్ని గైడు ఒప్పుకున్నాక కూడా తృప్తిపడలేదు. పరికరం వేడెక్కడం వల్ల రీడింగు పక్కకి జరిగిందేమోనని గది ఉష్ణోగ్రత మార్చి మార్చి మళ్లీ కొలిచింది. ఎవరూ అడగలేదు, మార్కులూ లేవు. రీడింగు రాసుకున్న ప్రతిసారీ పక్కన గడియారం చూసి టైము వేసేది, ఏసీ ఎప్పుడు ఆగిందో కూడా రాసేది. పని చేయడమంటే ఏమిటో నాకు ఆవిణ్ణి చూశాకే తెలిసింది. అలాంటివాళ్ల గుంపులో మధ్యలో ఉండటం నష్టమంటే నేను ఒప్పుకోను.

సాయంకాలం_బస్సు
మీరంతా సీనియర్లు, ల్యాబులు, పక్క సీటు స్నేహాలు అంటున్నారు. నాకు అవేవీ లేవు. పొద్దున పని, మధ్యాహ్నం క్లాసు, క్లాసు అవ్వగానే బస్సు, మళ్లీ పని. సెమినార్లన్నీ సాయంత్రం పెడతారు. క్లబ్బుల మీటింగులైతే ఇంకా ఆలస్యం. డిపార్ట్‌మెంటులో ఒకాయన్ని అడిగితే "ఆసక్తి ఉంటే టైము అదే దొరుకుతుంది" అన్నారు.

చేరినప్పుడు నా ఆశయం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. దాన్ని పెంచేవాళ్లు గానీ కదిలించేవాళ్లు గానీ ఒక్కరూ తగల్లేదు. ఎదగడానికి ముందు అక్కడ కాసేపు ఉండగలగాలి కదా.

నీలిసిరా
"ఆసక్తి ఉంటే టైము అదే దొరుకుతుంది" అన్నాయన్ని ఒక వారం నీ బస్సెక్కించాలి తమ్ముడూ. చదువుతుంటేనే ఒళ్లు మండింది.

తర్కం
బస్సు తమ్ముడి మాటకి పరిశోధనలోనూ చోటుంది. 1975లో విన్సెంట్ టింటో, చదువు మధ్యలో మానేయడం గురించి రాస్తూ, విద్యార్థి అక్కడి చదువులోనూ మనుషుల్లోనూ ఎంతగా కలిసిపోయాడన్నది కీలకమన్నాడు. పదేళ్ల తర్వాత, 1985లో, బీన్, మెట్జ్‌నర్ అనే ఇద్దరు దానికి ఇంకో కోణం చూపించారు. ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచి వచ్చి వెళ్లేవాళ్ల విషయంలో క్యాంపస్ స్నేహాల కంటే బయటి సంగతులే ఎక్కువ లెక్కలోకి వస్తాయన్నారు: పని గంటలు, డబ్బు, ఇంటి బాధ్యతలు. కాబట్టి నీ ఆసక్తికి వంక పెట్టడం అన్యాయం.

మొదటితరం
మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కినదాన్ని నేనే మొదటిదాన్ని. ఆశయం పెరిగిందా తగ్గిందా అని అడిగితే నాకు జవాబు కష్టం, ఎందుకంటే ఏమేం కోరుకోవచ్చో కూడా నాకు అప్పుడు తెలియదు. టీచరు, నర్సు, బ్యాంకు ఆఫీసరు. నా లోకంలో చదువుకున్నవాళ్ల ఉద్యోగాలు ఈ మూడే.

మొదటి ఏడాది ఒకసారి లైబ్రరీలో పాత థీసిస్‌లు పెట్టిన అరల దగ్గర నిలబడి అట్టల మీద పేర్లు చదువుతూ పోయాను. బావినీళ్లలో ఆర్సెనిక్ మీద ఒకటి. వంతెనల ఇనుముకి పట్టే తుప్పు మీద ఒకటి. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలు క్రియాపదాలు ఏ వరసలో నేర్చుకుంటారన్న దాని మీద ఒకటి. ఆ మూడోది తీసి చూశాను. ఒక్కొక్క పిల్లాడు ఏ నెలలో ఏ మాట అన్నాడో పట్టికలు వేసి ఉన్నాయి, "ఇవ్వు" ముందు, "ఇచ్చాడు" తర్వాత. మా చిన్న తమ్ముడికి మాటలు చాలా ఆలస్యంగా వచ్చాయి. మా ఇంట్లో అందరూ దిగులుపడటం తప్ప, దాన్ని ఇలా కూర్చుని రాసుకునే పని ఒకటుంటుందని ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నేను స్పీచ్ థెరపీలో ఉన్నాను. సిలబస్‌లో ఆ పుస్తకం లేదు, ఎవరూ చదవమని చెప్పలేదు. ఆ అరల మధ్య తిరగనిచ్చారు, అంతే.

రెండో_ఏడాది_ఫిజిక్స్
మొదటితరం అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నా సమస్య దీనికి తిరగబడ్డట్టుంది. నేను చిన్నప్పుడే ఒకటి పట్టుకుని ఇంకేదీ చూడలేదు.

తర్కం గారూ, మీ ప్రశ్నకి జవాబు: ఫిజిక్స్ చేదవలేదు. ఆకాశం గురించి చదవడం ఇప్పటికీ ఇష్టమే. "మన అమ్మాయి ఫస్ట్" అని చెప్పుకోలేకపోవడమే చేదుగా ఉంది.

లెక్కల_మేష్టారు
అమ్మాయ్, ఇది ఒప్పుకున్నావంటే సగం దారి వచ్చేసినట్టే. నేను చాలా ఏళ్లుగా డిగ్రీ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

హార్వర్డ్‌లో విలియం పెర్రీ అనే ఆయన 1950ల్లో మొదలుపెట్టి, విద్యార్థుల్ని ఏటేటా కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆ ఫలితాల్ని 1970లో అచ్చువేశాడు. మొదట్లో పిల్లలకి ప్రతి ప్రశ్నకీ ఒకే సరైన జవాబు ఉంటుంది, అది మేష్టారి దగ్గర ఉంటుంది. తర్వాత ఇద్దరు ప్రొఫెసర్లు ఒకే విషయం మీద కొట్టుకోవడం చూస్తారు. "ఓహో, అయితే ఎవరి అభిప్రాయం వాళ్లది" అనే దశకి వస్తారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ దశ దాటినవాళ్లకి అభిప్రాయాలన్నీ సమానం కావని, వెనకున్న ఆధారాన్ని బట్టి బరువు మారుతుందని తెలుస్తుంది. చివరి దశ నాకు చాలా ఇష్టం. ఖాయంగా ఏదీ తెలియదని తెలిసి కూడా, ఆలోచించుకుని ఒకదానికి కట్టుబడటం.

ఎనిమిదో తరగతిలో నువ్వు పెట్టుకున్న లక్ష్యం మొదటి దశది. అప్పుడు దానికి పోటీగా ఇంకేదీ లేదు. ఇప్పుడు స్టాటిస్టిక్స్ వచ్చి పక్కన కూర్చుంది. రెండూ చూసి మళ్లీ ఖగోళమే అంటే ఆ మాటకి ఉండే బలం వేరు. స్టాటిస్టిక్స్ అన్నా అంతే.

తర్కం
మేష్టారూ, మీ మాట మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం. "లక్ష్యం మారితే పరిణతి" అన్న మాట సంస్థలకి బాగా పనికొస్తుంది. 1960లో బర్టన్ క్లార్క్ అమెరికా జూనియర్ కాలేజీల (డిగ్రీ చదువులో మొదటి రెండేళ్లు చెప్పే కాలేజీల) గురించి రాసింది ఇదే. విద్యార్థిని బయటికి పొమ్మనరు. పరీక్షలు, కౌన్సెలింగ్, "నీకు ఇది సరిపోతుందేమో చూడు" అనే మెత్తటి సలహాలతో మెల్లగా చిన్న లక్ష్యం వైపు తిప్పుతారు. ఆ కుర్రాడు తానే మనసు మార్చుకున్నాననుకుంటాడు. ఇలా తిప్పబడినవాళ్లని "ఎదిగారు" అంటే నాకు మనస్కరించదు.

లెక్కల_మేష్టారు
అభ్యంతరం న్యాయమైనదే. అలాంటి కౌన్సెలింగ్ నేనూ చూశాను, దాన్ని వెనకేసుకురాను. తేడా కనిపెట్టడానికి నేను పిల్లల్ని ఒకటే అడుగుతాను: కొత్తదాని వైపు నడుస్తున్నావా, పాతదాని నుంచి పారిపోతున్నావా? ఎవరూ చెప్పకుండానే రాత్రిళ్లు కూర్చుని స్టాటిస్టిక్స్ చేస్తున్నానని ఈ అమ్మాయి మొదటి పోస్టులోనే రాసింది. అది పారిపోయేవాళ్ల లక్షణం కాదు.

ల్యాబ్_కోటు
మేష్టారి ప్రశ్న బాగుంది. కానీ చాలామంది రెండూ ఒకేసారి చేస్తుంటారు, నడుస్తూ పారిపోతూ.

పాత_పుస్తకాలు
పారిపోయి బాగుపడిన కుర్రాడి కథ ఒకటుంది. తండ్రి 1825లో డాక్టరు చదువుకని ఎడింబరో పంపాడు. మత్తుమందు లేని ఆ రోజుల్లో ఆపరేషన్లు చూడలేక ఆ చదువు వదిలేశాడు. సరే, చర్చిలో మతాచార్యుడైనా అవుతాడని 1828లో కేంబ్రిడ్జిలో చేర్పించారు. అక్కడ హెన్స్‌లో అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ పరిచయమయ్యాడు. ఇద్దరూ కలిసి ఎంత తిరిగేవారంటే, మిగతా ఉపాధ్యాయులు ఆ కుర్రాణ్ణి "హెన్స్‌లోతో నడిచే అబ్బాయి" అనేవారట. 1831లో ప్రపంచయాత్రకి వెళ్లే ఓడలో ప్రకృతి శాస్త్రం తెలిసిన మనిషి కావాలంటే హెన్స్‌లో ఈ అబ్బాయి పేరు చెప్పాడు. తండ్రి వద్దన్నాడు, మేనమామ నచ్చజెప్పాడు. ఓడ పేరు బీగిల్, కుర్రాడు డార్విన్.

డార్విన్ చేరిన ఏ కోర్సూ డార్విన్‌ని తయారుచేయలేదు. ఆ నడకలు చేశాయి.

సాయంకాలం_బస్సు
ఆ నడకలకి టైము ఉండటం కూడా ఒక ఆస్తే కదా. డార్విన్ గారు పార్ట్‌టైమ్ చేయలేదు.

పాత_పుస్తకాలు
నిజం. తండ్రి డబ్బున్న డాక్టరు. ఆ ముక్క నేనే రాయాల్సింది.

ఇద్దరు_పిల్లల_తల్లి
మీరంతా విద్యార్థుల వైపు నుంచి మాట్లాడుతున్నారు, తల్లి వైపు నుంచి ఒక మాట. మా పెద్దవాడు యూనివర్సిటీకి వెళ్లిన ఏడాదికే ప్రతిదానికీ "దానికి ఆధారమేంటమ్మా?" అనడం మొదలుపెట్టాడు. వాడి స్నేహితులు మారారు, నమ్మకాలు మారాయి, ఉద్యోగం గురించి మాతో అనుకున్నదీ మారింది. పంపింది మేమే, మారి వస్తే బెంగపడేదీ మేమే. ఇది కొన్నాళ్లకి తగ్గుతుందా, ఇక ఇంతేనా?

పాత_పుస్తకాలు
అమ్మా, దీని మీద చాలా పాత పరిశోధన ఉంది. అమెరికాలో, అప్పట్లో ఆడపిల్లలకే ఉన్న బెన్నింగ్టన్ కాలేజీలో థియొడోర్ న్యూకోంబ్ 1935 నుంచి 1939 దాకా విద్యార్థినుల్ని గమనించాడు. ఎక్కువమంది డబ్బున్న సంప్రదాయ కుటుంబాల వాళ్లు. 1936 అధ్యక్ష ఎన్నికల సమయంలో మొదటి ఏడాది అమ్మాయిల్లో ఎక్కువమంది తల్లిదండ్రుల్లాగే రిపబ్లికన్ అభ్యర్థి వైపు ఉన్నారు. పై తరగతుల వాళ్లలో అలా ఉన్నది కొద్దిమందే. 1960ల్లో మళ్లీ వెళ్లి అడిగితే, చాలామంది కాలేజీలో ఏర్పడ్డ అభిప్రాయాల మీదే ఉన్నారు. పెళ్లి విషయంలోనూ స్నేహాల విషయంలోనూ ఆ అభిప్రాయాలకు దగ్గరగా ఉన్నవాళ్లనే చేర్చుకున్నారు.

కాబట్టి కొన్ని మార్పులు నిలిచిపోతాయి. అభిప్రాయం మారినంత మాత్రాన అమ్మ మీద ప్రేమ మారుతుందని మాత్రం ఆ పరిశోధన చెప్పలేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఆ చివరి వాక్యానికి దండం బాబూ.

మొదటితరం
అమ్మగారూ, వాడు "ఆధారమేంటి" అని మీతో అంటున్నాడంటే ఇంకా మీతో మాట్లాడుతున్నాడనే. మా అమ్మతో నేను రెండేళ్లు ఏ విషయమూ పంచుకోలేదు, తనకి అర్థం కాదేమోనని. మా అమ్మే ఒకరోజు "నువ్వు చదివేదేంటో నాకూ చెప్పు" అంది. ఆ తర్వాత మా తమ్ముడి చిన్నప్పటి మాటలన్నీ తనే గుర్తు చేసుకుని నాకు రాయించింది.

పైబెర్తు
రూమ్మేట్ల గురించి ఎవరూ ఎత్తలేదేం? నాకు మార్పు అక్కడే మొదలైంది. నా రూమ్మేట్ రోజూ తెల్లవారుజామున లేచి గది లైటు వేయకుండా టేబుల్ లైటు కింద చదివేవాడు. ఎప్పుడూ నన్ను లేవమనలేదు. కొన్నాళ్లకి నేనే లేవడం మొదలుపెట్టాను.

తర్కం
అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో రూమ్మేట్లని ఇంచుమించు లాటరీలా కేటాయించేవారు కాబట్టి, బ్రూస్ సాసర్‌డోట్ అనే ఆర్థికవేత్త అక్కడి లెక్కలు తీసి 2001లో ప్రచురించాడు. మొదటి ఏడాది మార్కుల మీద, ఏ సంఘాల్లో చేరతారన్న దాని మీద రూమ్మేట్ ప్రభావం కనిపించింది. ఏ సబ్జెక్టు ఎంచుకుంటారన్న దాని మీద మాత్రం కనిపించలేదు.

పైబెర్తు
సరిపోయింది. నిద్రలేవడం వాడి దగ్గర నేర్చుకున్నాను, సబ్జెక్టు మాత్రం నాదే.

ల్యాబ్_కోటు
ఫిజిక్స్ చెల్లెమ్మా, అసలు విషయం ఎవరూ చెప్పడం లేదు. ఖగోళశాస్త్రమా, స్టాటిస్టిక్సా అని నువ్వెందుకు విడదీస్తున్నావు? 1801 జనవరి 1న పియాజీ అనే ఆయన సెరిస్ అనే చిన్న గ్రహాన్ని కనుక్కున్నాడు. కొన్ని వారాలు గమనించేసరికి అది ఆకాశంలో సూర్యుడున్న వైపుకి చేరి ఆ వెలుగులో కనిపించకుండా పోయింది. మళ్లీ ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియలేదు. ఉన్న కొద్ది కొలతలతోనే గౌస్ అనే గణిత శాస్త్రవేత్త దాని కక్ష్య లెక్కగట్టాడు. ఆయన చెప్పిన చోటుకి దగ్గర్లోనే ఆ ఏడాది చివర్లో దొరికింది. మీ స్టాటిస్టిక్స్ క్లాసులో వచ్చే, కొలతలకి అన్నిటికంటే దగ్గరగా సరిపోయే లెక్క తీసే కనిష్ఠ వర్గాల పద్ధతి (లీస్ట్ స్క్వేర్స్) ఇలాంటి కక్ష్యల లెక్కల్లోంచే పెరిగింది. లెజాండ్ర్ దాన్ని 1805లో మొదట అచ్చువేసింది కూడా తోకచుక్కల కక్ష్యల పుస్తకంలోనే.

ఇప్పటి సంగతి చూస్తే, నక్షత్రాల స్థానాలు, కదలికలు కొలిచిన గయా అంతరిక్ష నౌక సమాచారంతో 2022లో విడుదలైన పట్టికలో దాదాపు 180 కోట్ల వస్తువుల వివరాలున్నాయి. వాటిని కంటితో చూసేవాళ్లెవరు? నీలాగా రాత్రిళ్లు కూర్చుని లెక్కలు చేసేవాళ్లే కావాలి. ఆ పట్టిక ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

నీలిసిరా
ఇంట్లోవాళ్లు టెలిస్కోపు ఏదని అడిగితే ఇక ల్యాప్‌టాప్ చూపించొచ్చు!

రెండో_ఏడాది_ఫిజిక్స్
గయా పట్టికలో ఒక చిన్న నక్షత్ర గుచ్ఛం తీసుకుని ప్రయత్నిస్తున్నాను. ఏ నక్షత్రాలు నిజంగా గుచ్ఛానివి, ఏవి దారిన పోయేవి అని వాటి కదలికల్ని బట్టి విడదీయాలి. నిన్న రాత్రి దూరాలు ఎక్కడా పొసగలేదు. నక్షత్రం కొద్దిగా పక్కకి జరిగినట్టు కనిపించే చిన్న కోణం (పారలాక్స్) నుంచి దూరం తీస్తారు; ఆ కొలతలో ఉండే దోషాన్ని పట్టించుకోకుండా ఒకటిని దానితో నేరుగా భాగించి దూరం తీయకూడదట, స్టాటిస్టిక్స్ మేడమ్ చెప్పారు. ఇదంతా నా పక్క సీటు అమ్మాయితో చెప్పాను. తను ఉత్సాహంగా విని, "నాకు స్టాటిస్టిక్స్ అంటే భయం, అందుకే తీసుకోలేదు, నేర్పుతావా?" అంది. తనకీ భయాలుంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఇద్దరం కలిసి చేస్తున్నాం.

ఇంట్లో కూడా చెప్పేశాను, ఇక్కడ నేను ఫస్ట్ కాదని. "అయితే ఆ ఫస్ట్ వచ్చే అమ్మాయిని సెలవులకి తీసుకురా" అన్నారు.

తర్కం
చాలా సంతోషం. ఆ అమ్మాయి భయం సంగతి చదివితే ఒకటి గుర్తొచ్చింది, బస్సు తమ్ముడికీ పనికొస్తుంది. గ్రెగొరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన ప్రయోగం ఇది. మొదటి ఏడాది విద్యార్థులకి పై తరగతుల వాళ్ల అనుభవాలు చదివించారు: "ఇది నా చోటు కాదేమో అన్న అనుమానం మాకూ ఉండేది, తర్వాత పోయింది" అని. మొత్తం గంటసేపటి పని. ఆ గంటలో కూర్చున్న నల్లజాతి విద్యార్థుల మార్కులు డిగ్రీ అయ్యేదాకా పెరుగుతూ వచ్చాయి, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న తేడా సగానికి తగ్గింది. వెలివేసినట్టనిపించడం నీ ఒక్కడికే కాదని తెలియడానికి రోజంతా క్యాంపస్‌లో ఉండక్కర్లేదు.

సాయంకాలం_బస్సు
చదవడానికి బాగుంది తర్కం అన్నా. కానీ నాకు కావాల్సింది ఒక్క మనిషి. హెన్స్‌లో లాంటివాడు కాకపోయినా, నా సబ్జెక్టు గురించి అరగంట మాట్లాడేవాడు. మా ప్రొఫెసర్ల ఆఫీసు టైములన్నీ నా పని టైములోనే.

లెక్కల_మేష్టారు
ఈమెయిల్ రాయి బాబూ. మేమేమీ కొరకం. "మార్గదర్శనం కావాలి" అని రాస్తే ఎవరూ జవాబివ్వరు, ఏం చెప్పాలో తెలియదు కాబట్టి. ఫలానా అధ్యాయంలో ఫలానా మెట్టు దగ్గర ఆగిపోయాను, ఇంతవరకు ఇలా ప్రయత్నించాను అని ఒక్క పేజీ రాసి, నువ్వు చేసిన లెక్క ఫోటో పెట్టు. నువ్వు పనిచేస్తున్న సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, ఫోన్లో మాట్లాడటానికి కుదిరే టైములు రెండు ఇవ్వు. వారం దాకా జవాబు రాకపోతే మళ్లీ పంపు, మొహమాటపడకు. మాకు ఉత్తరాలు నిజంగానే కింద పడిపోతుంటాయి.

మొదటితరం
మేష్టారు చెప్పినదానికి ఒక చేర్పు. ప్రొఫెసర్ కుదరకపోతే పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లని పట్టుకో. వాళ్లు రాత్రి పదింటికి కూడా మేలుకునే ఉంటారు, తమ సబ్జెక్టు గురించి ఎవరైనా అడిగితే ప్రాణం లేచొస్తుంది. నీ సబ్జెక్టేంటో ఇంతవరకు రాయలేదు, ఏంటది?

సాయంకాలం_బస్సు
భూగర్భ జలాలు. బోరుబావులు ఎండిపోయేచోట వాన నీళ్లు కిందికి ఎంత వేగంగా దిగుతాయన్నది.

మొదటితరం
మరి ముందే చెప్పవేం! బావినీళ్లలో ఆర్సెనిక్ థీసిస్ రాసినాయన ఇప్పుడు పాఠాలు చెబుతున్నారు, నాకు పరిచయమే. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు, ఆయన్ని అడిగి కలుపుతాను. మేష్టారు చెప్పినట్టు ఒక్క పేజీ మాత్రం ఈలోగా సిద్ధం చేసుకో.